ఉల్లిపాయల క్యూకి అంచు

బ్నీద్ అల్ గార్, కువైట్
అక్టోబరు 9

బావగారికి,

ఉత్తరం చూసి కంగారు పడకండి. నేను బాగానే ఉన్నాను, నా ఫోనూ బాగానే ఉంది. బాగాలేనిది మా మామాకి. ఒంట్లో కాదు. జపాన్ వెళ్ళొచ్చింది.

ఇక్కడ ఇంటి యజమానురాలిని మామా, అంటే అమ్మా, అనే పిలవాలి, ఆవిడకి డెబ్భై, నాకు యాభై నాలుగు అయినా సరే. ఈవిడకి ఏడాదికో పిచ్చి పడుతుందని మీకు చెబుతూనే ఉన్నాను కదా. నిరుడు తేనెటీగలు. యాభై డిగ్రీల ఎండలో మాడిపోతాయని వాటికి ఏసీ గది ఇచ్చింది. అది నా గదే. ముందటేడు నిలువెత్తు ఫిడేలు. ఇప్పుడు చెక్క అచ్చులు.

పూర్వం జపాన్‌లో బొమ్మని చెక్క మీద చెక్కి, రంగు పూసి, పైన కాగితం పరిచి అచ్చు తీసేవారట. ఒక్కడి పని కాదట అది. గీసేవాడు ఒకడు, చెక్కేవాడు ఒకడు, అచ్చు వేసేవాడు ఒకడు, ఈ ముగ్గురినీ తిట్టి పని చేయించే ఆసామి ఒకడు. నాలుగో ఉద్యోగం మామా తీసేసుకుంది. గీసేది మా డ్రైవరు సిరాజ్, హైదరాబాదులో లారీల వెనక బొమ్మలు వేసినవాడు. అచ్చు వేసేది నేను. నేను అట్టు పోస్తుంటే గరిట తిరిగే తీరు చూసి, "యల్లా కుకూ, జపాన్ గురువుగారి చెయ్యి అచ్చం ఇలాగే తిరిగింది" అంది. యల్లా అంటే పద, కానియ్ అని. కుక్కుటేశ్వరరావు అన్న పేరు ఆవిడ నోట పట్టదు, కుకూతో సరిపెట్టుకున్నాను. చెక్కేవాడు దొరకలేదని బెంగపడుతుంటే నా నోరు ఊరుకోక, మా బావగారు పెడనలో కలంకారీ అచ్చులు చెక్కుతారని చెప్పేశాను. కొరివితో తల గోక్కున్నాను గానీ, దీనివల్ల ఒక మంచి జరిగింది.

మూడేళ్ళుగా నేను ఖలాస్ చేసుకుని ఇంటికి పోతానంటుంటే "బాచిర్, బాచిర్" అంటోంది. బాచిర్ అంటే రేపు. ఈసారి సిరాజ్ ఎదుట మాట ఇచ్చింది. ప్రింట్లు మొత్తం వంద. నూరో ప్రింటు మీద సంతకం పెట్టిన చేత్తోనే నా వీసా కాన్సిల్ కాగితం మీదా పెడుతుందట, అది లేనిదే నేను ఇక్కణ్ణుంచి కదల్లేను. బావగారూ, పందొమ్మిదేళ్ళు వండాను. సెలవుకొచ్చిన ఆ నాలుగు రోజులూ తప్ప, ఒకరు వండి వడ్డిస్తే కూర్చుని తిన్నది లేదు. పిఠాపురంలో మా ఆవిడ అచ్చాయమ్మకి ఉగాదికి వచ్చేస్తానని చెప్పాను. ఇక మీ ఉలి దయ.

ఉత్తరం ఎందుకంటారా, పూర్వం పనివాళ్ళకి ఫోన్లు లేవు కాబట్టి ఈ పని తెమిలేదాకా మీకూ నాకూ మధ్య ఫోను ఉండకూడదని మామా షరతు. అచ్చాయమ్మతో మాట్లాడుకోవచ్చు, ఆవిడ ఈ పనిలో లేదు గనక. ఉత్తరాలన్నీ చివర ప్రదర్శనకి పెడుతుందట. మీ జవాబు సిరాజ్ ఆవిడకి అరబ్బీలో చదివి వినిపిస్తాడు. వాడికి తెలుగు మాట్లాడటమే వచ్చు, చదవడం రాదు. ఆ సంగతి వాడు మామాకి చెప్పలేదు. కాబట్టి మీరు ధైర్యంగా రాయండి.

బొమ్మ, చెక్కలు, పద్ధతి రాసిన కాగితం కార్గోలో వస్తాయి. నిరుడు వానలో జమియా, అంటే మా పేట స్టోరు, దాని ముందు ఉల్లిపాయల కోసం మేం నిలబడ్డ క్యూ అది. ఎడమ పక్క స్టోరు గుమ్మం, గుమ్మం ముందు ట్రాలీతో మామా, వెనక ఆవిడ చెల్లెలు, తర్వాత సిరాజ్, పిల్లి, అందరి వెనకా నేను.

అక్కని అడిగానని చెప్పండి.

మీ బావమరిది
కుక్కుటేశ్వరరావు


పెడన
అక్టోబరు 30

ఒరేయ్ కుక్కుటం,

చెక్కలూ బొమ్మా కార్గోవాడు తెచ్చి పడేశాడు. నాకు చేతినిండా పని, ఊపిరి సలపడం లేదు. అయినా బావమరిది బతిమాలాడు కదా అని ఒప్పుకున్నాను.

ముందు ఆ సిరాజ్ గురించి. మనుషుల్ని లారీల్లా గీశాడు. మీ మామాకి ముందు బంపరుంది. చెల్లెలి కళ్ళు హెడ్‌లైట్లు. పిల్లి ఒక్కటే మనిషిలా ఉంది. నువ్వు డీజిలు అయిపోయి రోడ్డు పక్కన ఆగిపోయినట్టున్నావు. అది మాత్రం కుదిరింది.

వాళ్ళ పద్ధతి చదివాను. పల్చటి కాగితం మీద బొమ్మ గీసి, బోర్లా చెక్కకి అంటించి, గీత మిగిల్చి చుట్టూ చెక్కెయ్యడం. ఇది మాకు కొత్తా? తాతలనాటి నుంచీ చేస్తున్నదే. రంగుకో చెక్క అన్నావు, మాదీ అంతే. కాగితం జరక్కుండా ప్రతి చెక్క మూలనా ఒకే చోట గాడి పెట్టాలన్నావు, పెడతాను. ఆ చెర్రీ చెక్క మాత్రం బంగారంరా. టేకులా విసుక్కోదు, ఉలి ఎటు పొమ్మంటే అటు పోతుంది. వాన గీతలు వెంట్రుక మందాన వచ్చాయి. మీ అక్కని పిలిచి చూపించాను. "వాన బాగానే ఉంది, ముందు ఆ చెక్కపొట్టు ఎవరు ఊడుస్తారో చెప్పండి" అంది. మెచ్చుకోవడం మీ ఇంటా వంటా లేదు.

నల్ల చెక్క అయింది. మిగతా మూడూ కార్తీకం వెళ్ళేలోగా పంపుతాను. మామాకి నా నమస్కారాలు చెప్పు. సిరాజ్ ఎలాగూ చెబుతాడు.

అచ్చాయమ్మ బాగానే ఉంది. ఇంకేం అడక్కు.

చిన్నపుల్లయ్య


బ్నీద్ అల్ గార్
డిసెంబరు 12

బావగారికి,

నాలుగు చెక్కలూ అందాయి. వాన గీతలు చూసి మామా కళ్ళజోడు తీసి, తుడుచుకుని, మళ్ళీ పెట్టుకుంది. అంత బాగున్నాయి.

కానీ చెక్కల వెనక పిడి ఎందుకండీ? గుడ్డ మీద అచ్చు కొట్టేవాడికి పిడి కావాలి, నిజమే. ఇక్కడ చెక్క వెల్లకిలా పడుకోవాలి, కాగితం దాని మీదికి రావాలి. పిడితో బల్ల మీద పెడితే ఊగిపోతోంది. కోసేద్దామంటే మామా ఒప్పుకోలేదు, చెక్కినవాడు పిడి పెట్టాడంటే దానికేదో అర్థం ఉంటుందట. వంటింట్లో ఇటలీ బల్లకి నాలుగు కన్నాలు పెట్టించింది. ఇప్పుడు ఆ బల్ల మీద గరిట పెట్టినా కింద పడుతోంది.

ఇంకోటి. ఎడమ పక్కన స్టోరు గుమ్మం ఉండాలి, లేదు. మామా చేతిలో ట్రాలీ సగమే ఉంది. మిగతా సగం, చక్రాలతో సహా, కుడి అంచులో నా మడమల వెనక తేలింది. సిరాజ్ నెత్తి కొట్టుకున్నాడు. "ఏంది కుక్కు భాయ్, దుకాణమే లేకుంటె మనం లైన్ల కైకు నిలవడ్డట్టు?" అన్నాడు. మామా మాత్రం చాలా లోతుగా ఉందంది.

పని మొదలైంది. కాగితాలు తడిపి, తడిగుడ్డలో చుట్టి ఫ్రిజ్‌లో పెట్టాలి. అందుకని చేపలు ఫ్రిజ్ ఖాళీ చేసి తేనెటీగల గదికి వెళ్ళాయి. రంగులో కలపడానికి బియ్యప్పిండి గంజి కావాలి. వీడియోలో జపాన్ గురువుగారు నా గంజి చూసి వంగి దణ్ణం పెట్టారు. ఆసామికి ఫోను ఉండొచ్చట, పనివాళ్ళకే ఉండకూడదట. వెదురు పొర చుట్టిన గుండ్రటి బిళ్ళతో కాగితం వీపు రుద్దుతుంటే, నిజం చెప్పొద్దూ, నాకూ సరదాగానే ఉంది.

మామా జపాన్ నుంచి తెచ్చిన కాగితం ఒకటి చూపించింది. తెల్లగా ఉంది, ఏమీ లేదు. వెలుగులో ఏటవాలుగా పట్టుకుంటే కొంగ కనబడింది. రంగు పూయకుండా చెక్క మీద గట్టిగా నొక్కితే కాగితమే బొమ్మగా ఉబుకుతుందట. వేలితో తడిమితే రెక్కలు తగిలాయి.

మీ ఉత్తరం సిరాజ్ అరగంట చదివాడు. అందులో మీరు మామా ఆరోగ్యం కోసం శనివారాలు ఉపవాసం ఉంటున్నారట.

అచ్చాయమ్మ ఫోనులో ఎప్పుడొస్తారని అడగడం మానేసింది. అక్కడ ఎండలెలా ఉన్నాయని అడుగుతోంది. మీరేమో ఇంకేం అడక్కు అన్నారు. అందుకే అడుగుతున్నాను. ఏమైంది?

కుక్కుటేశ్వరరావు


పెడన
జనవరి 5

ఒరేయ్,

నలభై ఏళ్ళలో పిడి పెట్టకుండా ఒక్క అచ్చు కూడా నా గడప దాటలేదు. పిడి లేని అచ్చు చూస్తే మొలతాడు లేని మగపిల్లాణ్ణి చూసినట్టుంటుంది. గుమ్మం అతకలేదు, తీసేశాను. దేనికి అతకలేదంటే నాకూ తెలీదు. చెక్కడం నా పని, సందేహాలు నీ పని కాదు.

ఆ రంగు లేని కొంగ గురించి రెండు రోజులు ఆలోచించాను. రంగు పడకపోతే గుడ్డ పాడైందని తిట్టించుకున్న వంశం మాది. అక్కడ దాన్ని విద్య అంటున్నారా!

శనివారం ఉపవాసం సంగతి విని మీ అక్క వారం రోజులుగా నవ్వుతోంది. శనివారం నాకు పెసరట్టు లేకపోతే తెల్లారదు.

అచ్చాయమ్మ సంగతి మీ అక్కని అడిగాను. "ముందు పని కానివ్వండి" అంది. కానివ్వు మరి.

చిన్నపుల్లయ్య


బ్నీద్ అల్ గార్
ఫిబ్రవరి 20

బావగారూ,

వంద కాగితాలూ పూర్తయ్యాయి. రెండు నెలలు పట్టింది. ఒక్కో కాగితం నాలుగు చెక్కల మీద పరిచి నాలుగుసార్లు రుద్దాను. కుడి భుజం నాది కాదనిపిస్తోంది. నిన్న పొద్దున మేడ మీద తాళ్ళు కట్టి ఆరేశాను. గాలికి ఎగరకుండా అంచుకి అంచు ఆనించి బట్టల క్లిప్పులు పెట్టాను. వెనక్కి వచ్చి చూశాను.

అతికాయి బావగారూ. ఒక కాగితంలో నా మడమల వెనక ఉన్న ఆ చక్రాలు, పక్క కాగితంలో మామా పట్టుకున్న సగం ట్రాలీతో వెళ్ళి కలిశాయి. వాన గీతకి గీత కలిసింది. ఎక్కడ ఒక కాగితం అయిపోయి ఇంకోటి మొదలైందో పోల్చుకోలేం. మేడ ఈ చివర నుంచి ఆ చివరకి ఒకటే క్యూ. మామా ముందు నేను, నా ముందు పిల్లి, పిల్లి ముందు సిరాజ్, వాడి ముందు చెల్లెలు, ఆవిడ ముందు మళ్ళీ మామా. ఎవరికీ ఉల్లిపాయలు అందవు. అసలు స్టోరే లేదు కదా, మీరు తీసేశారు.

మామా పైకి వచ్చింది. తాళ్ళ వెంబడి చివరిదాకా నడిచి, తిరిగి నడిచి, చప్పట్లు కొట్టింది. "కుకూ, ఇవి వంద కాదు. ఇదంతా ఒకటే ప్రింటు!" అంది.

"వంద కాగితాలు మామా" అన్నాను.

"కాగితాలు వంద, ప్రింటు ఒకటి. ఇంకా తొంభై తొమ్మిది కావాలి. యల్లా!"

లెక్క వేశాను. ఇంకా తొమ్మిది వేల తొమ్మిది వందల కాగితాలు. నెలకి యాభై చొప్పున పదహారున్నర ఏళ్ళు. అప్పటికి నాకు డెబ్భై దాటుతాయి, మామాకి ఎనభై ఆరు. ఆవిడ ఆరోగ్యానికి ఢోకా లేదు, మీరు ఉపవాసాలు ఉంటున్నారుగా.

మీ బావ మహాజ్ఞాని అని మెచ్చుకుంటోంది. నాకు మాత్రం నిజం చెప్పండి. ఎందుకు చేశారు? మీ పెళ్ళిలో విడిదింట్లో మీ కాఫీలో ఉప్పు కలిపాననా? అది మా మేనత్త కలపమంటే కలిపాను. ఉగాదికి వస్తానని అచ్చాయమ్మకి మాటిచ్చాను బావగారూ. ఇప్పుడావిడకి ఏం చెప్పను?

మీతో ఇక మాట్లాడను. జవాబు మాత్రం వెంటనే రాయండి.

కుక్కుటేశ్వరరావు


పెడన
మార్చి 8

బావమరిదీ,

తిట్టు. ఎంత తిట్టినా తక్కువే. నా దగ్గరున్న నమూనా తీసి రెండంచులూ ఆనించి చూసుకున్నాను. నేను కావాలని చెయ్యలేదురా, చెయ్యి చేసేసింది. ఇక్కడ పని నేర్పేటప్పుడు మొదటి రోజే చెబుతారు, కుడి అంచు ఎడమ అంచుకి అతకాలని. దుప్పటి మీద ఒకే అచ్చు మూడొందలసార్లు కొట్టినా ఎక్కడా అతుకు కనపడకూడదు. అతకని అచ్చుని మా నాన్న పొయ్యిలో పెట్టేవాడు. ఒక బొమ్మ ఒక్కసారి పడి అక్కడితో ఆగిపోతుందని నా చేతికి ఎవరూ చెప్పలేదు. గుమ్మం అడ్డొస్తే అందుకే పీకేసింది.

ఇంకో మాట. చేతినిండా పని అని రాశాను కదా, అబద్ధం. గుడ్డల మీద స్క్రీన్ ప్రింటింగు వచ్చాక చెక్క అచ్చు అడిగేవాడు లేడు. మూడేళ్ళుగా బస్టాండు దగ్గర జెరాక్సు మిషను నడుపుతున్నాను. నీ చెక్కలు వచ్చిన రోజు ఉలి పట్టుకుంటే, చెప్పుకుంటే సిగ్గుచేటు గానీ, ఏడుపొచ్చింది. ఆ సంతోషంలో ఒళ్ళు తెలియకుండా చెక్కాను.

ఇక అచ్చాయమ్మ. దాచి తప్పు చేశాను. దసరాకి మీ అక్క పిఠాపురం వెళ్ళి చూసొచ్చింది. అచ్చాయమ్మ వంటింట్లో ఒక గిన్నె, ఒక కంచం ఉంచుకుని మిగతా సామానంతా అటకెక్కించేసింది. ఇదేంటని మీ అక్క అడిగితే, "ఒక్కదానికి ఇయ్యన్నీ ఎందుకొదినా, తోముకోడం దండగ" అందట. కోపంగా అనలేదట. కోపంగా అని ఉంటే మీ అక్కకి భయం ఉండేది కాదు. నీకు రాస్తే పని చెడుతుందని రాయలేదు.

ఇప్పుడు విను. ఎంత పొడుగు గుడ్డకైనా మేం చివర అంచు అచ్చు కొడతాం. అది ఒకవైపే అతుకుతుంది. రెండో వైపు దేనికీ అతకదు. అంచు పడిందంటే గుడ్డ అయిపోయినట్టే. మిగిలిన చెర్రీ ముక్క మీద నీ క్యూకి అంచు చెక్కి పంపుతున్నాను. ఎడమ పక్క మిగతా సగం ట్రాలీ, మామా. ఆవిడ వెనక నువ్వు. ఈసారి క్యూలో లేవు. వీపు తిప్పి, సంచీ పట్టుకుని అటు నడిచిపోతున్నావు. నీ తర్వాత ఏమీ లేదు, వాన కూడా తీసేశాను.

పిడి పెట్టలేదు. చెక్కడం వరకే నాది. రంగు నీది.

చిన్నపుల్లయ్య


కువైట్ ఎయిర్‌పోర్టు
ఏప్రిల్ 16

బావగారికి,

ఈ ఉత్తరం నేనే తెస్తున్నాను. మీరు చదువుతున్నప్పుడు ఎదురుగా కూర్చుని మీ మొహం చూస్తాను. ఆఖరి ఉత్తరం లేకపోతే ప్రదర్శన వెలితిగా ఉంటుందని మామా ఆజ్ఞ. మీరు చదవగానే ఫొటో తీసి పంపాలి.

రంజాను నెలంతా అచ్చు పని ఆగింది. ఉగాదీ రంజాను పండగా ఇక్కడ ఒక్క రోజే వచ్చాయి, రెండింటికీ వండింది నేనే. ఆ మర్నాడు మీ అంచు చెక్క తీసి, నల్లరంగు పూసి ఒకటి వేశాను. నన్ను నేను వెనక నుంచి చూసుకోవడం అదే మొదలు. ఎడమ మోకాలు ఈడ్చడంతో సహా నా నడక పట్టేశారు. సిరాజ్ ఈసారి నా పక్షాన అబద్ధం చదివాడు, అంచు పడ్డాక ఆపకపోతే ఇంటికి అరిష్టమని మీరు రాశారన్నాడు. మామా వినలేదు. "జేన్! చాలా బాగుంది. ప్రతి క్యూకీ ఒక అంచు ఉండాలి. ఇవి కూడా వంద తియ్యి" అంది.

మెట్ల మీద కూర్చుని ఏడ్చాను. అటక మీది గిన్నెలే కళ్ళ ముందు కనబడ్డాయి. పందొమ్మిదేళ్ళు పరాయి గిన్నెల్లో గరిట తిప్పాను, నా ఇంటి గిన్నెలు బూజు పట్టాయి. అప్పుడు రంగు నీది అన్న మీ చివరి మాట గుర్తొచ్చింది.

కొత్త కాగితం తడిపాను. మామాకి, ట్రాలీకి నల్లరంగు పూశాను. నా బొమ్మని పొడిగుడ్డతో శుభ్రంగా తుడిచాను. కాగితం పరిచి, నేనున్న చోట ఒళ్ళంతా బరువేసి మోచేత్తో నొక్కాను.

మామా కళ్ళజోడు పెట్టుకుని చూసింది. తను ఉంది, ట్రాలీ ఉంది, వెనకంతా తెలుపు. "కుకూ, నువ్వు లేవేం?" అంది.

"ఉన్నాను మామా. చెయ్యి పెట్టి చూడండి."

వేలితో వెతికింది. ముందు సంచీ తగిలింది, తర్వాత భుజం. మోకాలి దగ్గర వేలు ఆగింది. అక్కడే చాలాసేపు ఉంచింది.

"ఇలాంటివి వంద వెయ్యనా మామా?" అన్నాను.

తల అడ్డంగా ఊపింది. "వద్దు. ఖలాస్" అంది.

పెన్సిలుతో కింద సంతకం పెట్టి, సొరుగు లాగింది. నా కాన్సిల్ కాగితం అందులోనే ఉంది బావగారూ. మూడేళ్ళ కిందటే నింపించి పెట్టిందట, సంతకం ఒక్కటే తక్కువ. మరి ఇన్నాళ్ళూ ఎందుకు ఆపారని అడిగాను. "నువ్వు పోతే అన్నం తినేటప్పుడు నాతో మాట్లాడేది ఎవరు? సిరాజ్ చెప్పేవన్నీ అబద్ధాలే. పెసరట్టు తినని మనిషి అంత మంచి పిల్లిని చెక్కగలడా?" అంది. పెసరట్టు సంగతి నేనే ఎప్పుడో వాగి ఉంటాను. మీ ఉపవాసాలు ఆవిడ ఒక్కరోజూ నమ్మలేదు. నాకు నవ్వొచ్చింది, వెంటనే ఆవిడ మీద జాలేసింది. ఇన్నేళ్ళలో మొదటిసారి ఆవిడకి చెయ్యి అందించి కుర్చీలోంచి లేపాను.

ఎయిర్‌పోర్టుకి తనే వచ్చింది. మీకు ఒక చెర్రీ చెక్క ఇచ్చింది, ఉత్తది. ఏం చెక్కుతారో మీ ఇష్టమట, అతికినా సరే, అతకకపోయినా సరేనట. వెళ్ళేముందు, "మీ బావకి గాజు ఊదడం వచ్చా?" అని అడిగింది. రాదని చెప్పాను. దయచేసి మీరూ ఆ మాట మీదే ఉండండి.

ముందు పిఠాపురం, తర్వాతే పెడన. అచ్చాయమ్మకి ఫోను చేశాను. విమానం ఎన్నింటికని అడిగింది. తర్వాత, "నిచ్చెన పక్కింటోళ్ళు పట్టుకెళ్ళారండి, ఒచ్చాక మీరే అడిగి తెచ్చుకుని దించాలి. నాకు అటక అందదు" అంది. ఇదివరకు ఎక్కించినప్పుడు ఎలా అందిందో నేను అడగలేదు.

కౌంటరు దగ్గర లైన్లో నిలబడి, పెట్టె మీద కాగితం పెట్టుకుని రాస్తున్నాను. వెనకవాడి ట్రాలీ మడమలకి తగులుతోంది, ముందుకి జరగమంటున్నాడు. జరుగుతున్నాను. ఈ క్యూకి చివర గుమ్మం ఉంది బావగారూ, నాకు కనబడుతోంది.

మీ బావమరిది
కుక్కుటేశ్వరరావు